పంటి కింద మాట

నవంబరు 4, సోమవారం

నాన్నకి మెడ పట్టేసింది. అది ముందు రాసేస్తే తక్కినవి నింపాదిగా రాసుకోవచ్చు.

పొద్దున టీ గ్లాసు ఎడమవైపు నుంచి అందించాను. చెయ్యి చాచలేదు. గ్లాసూ లేదు, నేనూ లేను అన్నట్టు ఎదుటి గోడ చూస్తూ కూర్చున్నాడు. "నాన్నా, టీ" అన్నాక తల ఒక్కటే కాదు, నడుం దగ్గర్నుంచి మనిషంతా ఇటు తిరిగి, "నువ్వెప్పుడొచ్చావే?" అన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా స్కూలు బస్సు నడిపే మనిషికి మెడ పట్టేయక ఇంకేం పట్టేస్తుంది!

ఆఫీసులో 'ఏ' అక్షరం పూర్తయింది. ఇంగ్లీషు నుడికారాల నిఘంటువు మొదలుపెట్టిన ఏడు నెలలకి ఒక అక్షరం. ఈ లెక్కన ఆఖరి అక్షరం వచ్చేసరికి నాకు పళ్ళుండవు. కామా సారు 'బి' పెట్టె తెరిచి మొదటి కార్డు నా బల్ల మీద పెట్టాడు. ఏ కాగితం ఇచ్చినా చదవకముందే ఒక కామా తగిలిస్తాడు కాబట్టి మా సంపాదకుడికి ఆ పేరు. కార్డు మీద 'బైట్ యువర్ టంగ్' అని ఉంది. కింద నాలుగు ఖాళీలు: అర్థం, వాడుక, విద్యార్థులు చేసే తప్పు, మూడు ఉదాహరణలు.

"ఇది తేలిక సార్. నోటిదాకా వచ్చిన మాటని బలవంతాన ఆపుకోవడం."

"తేలికైతే సాయంత్రానికి ఇచ్చెయ్. కష్టమైంది నీకెందుకిస్తాను?"

తప్పు కూడా రాశాను. మనవాళ్ళు నోరు జారాక నాలుక కరుచుకుంటారు, ఇంగ్లీషువాళ్ళు జారకముందే కరుచుకుంటారు. పిల్లలు రెండూ ఒకటే అనుకుని వాడేస్తారు. ఉదాహరణల దగ్గర ఆగిపోయాను. సాయంత్రానికి ఇవ్వలేదు.

నవంబరు 5, మంగళవారం

మెడ కాదు.

నవంబరు 6, బుధవారం

చూడటం మొదలుపెడితే ఆగదు, అదే నా దరిద్రం.

మాది స్కూలువాళ్ళిచ్చిన ఇల్లు. బస్సు షెడ్డు వెనకాల రెండు గదులు, వంటకి ఒక మూల. ఇందులోనే పుట్టాను. ఏ వస్తువు ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను అనుకునేదాన్ని. ఇవాళ కళ్ళు తెరిచి చూస్తే నాన్న కుర్చీకి ఎడమపక్క ఉండే ముక్కాలి పీట కుడివైపుకి వచ్చింది. తువ్వాలు తగిలించే మేకు కుడివైపు. చెప్పులు కుడివైపు. అన్నం తినేటప్పుడు నీళ్ళ గ్లాసు కుడివైపు. ఒక్కరోజులో జరిగింది కాదు. పాత మేకు ఊడిన చోట సున్నం కూడా వేశారు.

అమ్మ కుట్టుమిషను దగ్గర ఉంది. స్కూలు గౌన్లకి అంచులు మడుస్తూ పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఉంది. అమ్మ రోజులో సగం అలాగే ఉంటుంది. ఏదడిగినా తల ఊపడమే జవాబు.

"అమ్మా, పీట ఎందుకు జరిపావు?"

తల అడ్డంగా ఊపింది. జరపలేదనా, అడగొద్దనా?

"నాన్నకి ఎడమ కన్ను..."

సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది. ఆరు సూదులు. ఆ తర్వాత అంది, "పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతాడు. నీకు అన్నం పెట్టనా?"

ఆకలి లేదన్నాను. తిన్నాను.

నవంబరు 8, శుక్రవారం

డ్రైవర్లందరికీ రెండేళ్ళకోసారి జరిగే కళ్ళ పరీక్ష ఈ నెల 22న. స్కూలు నుంచి కాగితం వచ్చింది. నాన్న దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒక సాయం చేస్తావా అమ్మడూ? అక్కడ గోడ మీద ఇంగ్లీషు అక్షరాలు చదవమంటారు. నాకా అక్షరాలు రెండు వచ్చు, నాలుగు రావు. కనపడక కాదు, పేరు తెలీక తడబడితే కళ్ళు లేవని రాసేస్తారేమో. కాస్త నేర్పు."

ఇందులో తప్పేముంది? నిజంగానే తప్పు లేదు. అక్షరాలు రాని మనిషికి అక్షరాలు నేర్పడం. దేశాలన్నీ దీన్ని పుణ్యం అంటాయి.

మా ఆఫీసు కింద కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. అద్దాలు ఎన్నుకుంటున్నట్టు నటించి, వాళ్ళ గోడ మీది పట్టిక ఫొటో తీసుకున్నాను. ఎక్కడికెళ్ళినా అదే పట్టికట. దుకాణం వాడే చెప్పాడు, నేను అడక్కుండానే. అడిగానేమో.

నవంబరు 10, ఆదివారం

పాఠం. నేను గోడకి కాగితం అంటించి గరిటె పెట్టి చూపిస్తాను, నాన్న చదువుతాడు.

"ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్. ఎల్, పీ, ఈ, డీ..."

మంచం మీంచి నాయనమ్మ, "ఇంగ్లీషువాడికి అక్షరాలు వరసలో పెట్టుకోవడం కూడా రాదేంటే? ఏ తర్వాత బీ కదా?" అంది.

"నీకెలా తెలుసే నాయనమ్మా?"

"నువ్వు చిన్నప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచేదానివి కదా, చెవుల్లోంచి పోతేగా!"

మూడుసార్లయ్యేసరికి నాయనమ్మకి కూడా వచ్చేసింది. నాన్న ఆగినచోట ఆవిడ అందించేది. "ఒరేయ్, పీ తర్వాత ఈ రా, మొద్దూ!" అని కొడుకుని తిడుతుంటే అమ్మ కూడా నవ్వింది. నోట్లో సూదులు లేవు అప్పుడు. మా ఇంట్లో అందరం కలిసి ఇంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో! నాన్న నన్ను 'పంతులమ్మా' అని పిలవడం మొదలుపెట్టాడు.

నేను గరిటె కిందికి దించేశాక కూడా నాన్న చదువుతూనే ఉన్నాడు. గోడవైపు చూడటం లేదు. రాగంలో పడిపోయాడు.

ఇదొక్కటి రాయకూడదనుకున్నాను.

నవంబరు 13, బుధవారం

కామా సారు కార్డు తిప్పి పంపాడు, ఎర్ర సిరాతో. నేనిచ్చిన ఉదాహరణల్లో రెండు బాగున్నాయట. అత్తగారి చీర బాగాలేకపోయినా కోడలు ఊరుకోవడం, పై అధికారి లెక్క తప్పు చెప్పినా గుమాస్తా సమావేశంలో ఏమీ అనకపోవడం. మూడోది కొట్టేశాడు.

మూడోది ఇది: 'స్నేహితుడికి తాగి నడిపే అలవాటుందని తెలిసినా అతను నోరు మెదపలేదు.'

"ఇదెందుకు కాదు సార్? మాట నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాడు."

"ఆపుకోవడం కాదమ్మా అది, దాచడం. చూడు, ఈ నుడికారం ఎక్కడ వాడతారు? నేను అనేస్తే ఎదుటివాడు నొచ్చుకుంటాడు, గొడవ పెరుగుతుంది అనుకున్నప్పుడు. అనకపోతే నష్టం నాకే, నా కోపం నాలోనే ఉంటుంది. అనకపోతే ఇంకెవడో చస్తాడనుకో, అప్పుడు వాడిది నిగ్రహం కాదు. దానికి వేరే మాటలున్నాయి. అవి వేరే పెట్టెలో వస్తాయి."

"అనకపోవడం మర్యాద కోసమే అయితే?"

కళ్ళజోడు పైకెత్తి నావైపు చూశాడు. "ఎవరి మర్యాద?"

కొత్త ఉదాహరణ రాసిమ్మన్నాడు. కుర్చీలో కూర్చున్నాను, మధ్యాహ్నమంతా. కిటికీలోంచి స్కూలు బస్సులు పోతుంటే చూశాను. మాది పసుపు రంగు, వెనకాల అద్దానికి ఒక మూల పగులు. నాన్న మలుపు తిరిగాడు. బాగా తిరిగాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

నవంబరు 16, శనివారం

పద్నాలుగు నెలలంటే సెలవులు తీసేస్తే పది. పది నెలలు ఎంత? కళ్ళు మూసి తెరిచినంత.

నవంబరు 18, సోమవారం

ఆయమ్మ ఇంటికి వచ్చింది. నాన్న బస్సులో పిల్లల్ని ఎక్కించి దించే మనిషి. ఎనిమిదేళ్ళుగా నాన్నతోనే ఉంది. మనిషి చిన్నది, గొంతు లారీ హారను. అమ్మ కుట్టిన సంచి తీసుకుపోయే వంకతో వచ్చి, వెళ్తూ వెళ్తూ నన్ను షెడ్డు దగ్గరికి లాక్కెళ్ళింది.

"శనివారం మా అమ్మాయి దగ్గరికి పోతున్నా. పురుడు. నెలన్నర దాకా రాను. నీకో మాట చెప్పాలి."

నాకు తెలుసు అని చెప్పి ఉండాల్సింది. తెలియని మొహం పెట్టాను.

"మీ నాన్నకి ఎడమపక్క అస్సలు ఆనదే పిల్లా. ఏడాదైంది. తలుపు దగ్గర నేనుంటాను కదా, నేనే చూసి చెబుతుంటా. 'సైకిలొస్తోంది ఆగు. గోడుంది కుడికి తియ్. పిల్లలు దూరం జరిగారు, పోనీ.' నేను అరుస్తుంటాననుకుని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నేను పోయాక ఎవరరుస్తారు?"

"ఇంతకాలం ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"మా ఆయన పోయినప్పుడు మూడు నెలలు మీ ఇంటి నుంచే నా పిల్లలకి అన్నం వచ్చింది. ఏ నోటితో చెప్పను?" కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు."

అందరూ నన్నే చదువుకున్నదానివంటారు. చదువుకున్నదాన్ని కనుకే కదా అక్షరాలు నేర్పాను.

కళ్ళ పరీక్షలో తప్పితే ఏ గొడవా లేదు, ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, కాగితమే చెబుతుంది అని తట్టింది ఇవాళ. 22 దాకా ఆగుతాను.

నవంబరు 20, బుధవారం

నాన్న ఇప్పుడు పట్టికని కింది నుంచి పైకి కూడా చెబుతున్నాడు. నేనే నేర్పాను. అడిగాడు, నేర్పాను.

నవంబరు 22, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఫారం ఇంగ్లీషులో ఉంటుందని నన్ను తోడు తీసుకెళ్ళాడు. పొడుగాటి సన్న గది, ఒక కొసన కుర్చీ, రెండో కొసన గోడకి లైటు పెట్టె. పెట్టెలో దీపం వెలిగితేనే దాని మీద అక్షరాలు కనిపిస్తాయి. లేకపోతే అదొక బూడిద రంగు పలక. పరీక్ష చేసేవాడు తెల్లకోటు వేసుకున్న టెక్నీషియను, వయసు నాకన్నా పదేళ్ళు ఎక్కువుంటుంది. బయట నలభైమంది డ్రైవర్లు. ఫారం కింద 'పై వివరాలు నాకు తెలిసినంతవరకు నిజం' అని తోడు వచ్చినవాళ్ళ సంతకం ఉంటుంది. చేశాను.

ముందు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో చదివించాడు. నాన్న నిజంగానే చదివాడు, చివరి వరస దాకా. టెక్నీషియను "భేష్" అని పెట్టె దీపం ఆపి, బయట ఎవరో తోసుకుంటుంటే తలుపు దగ్గరికి వెళ్ళి కసిరి వచ్చాడు. వచ్చి, రేకు ముక్క నాన్న కుడి కంటికి అడ్డం పెట్టి, "ఊఁ, చదవండి" అన్నాడు.

దీపం వెయ్యలేదు. మరిచిపోయాడు.

నాన్న గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "ఈ. ఎఫ్, పీ. టీ, ఓ, జెడ్..."

నాన్న కుర్చీలో నిటారుగా, పద్యం అప్పజెప్పే పిల్లాడిలా, బూడిద రంగు పలకని చదువుతున్నాడు. ఒక్క అక్షరం తప్పు పోలేదు. టెక్నీషియను రెండో వరసకే పలకవైపు చూశాడు. తర్వాత స్విచ్చు వైపు. తర్వాత నావైపు.

నాన్న చివరిదాకా చదివి, "సరిపోయిందా బాబూ?" అన్నాడు.

టెక్నీషియను దీపం వేశాడు. చప్పుడు చెయ్యకుండా వేశాడు. "ఎన్నేళ్ళుగా నడుపుతున్నారు?"

"ఇరవై ఆరు. ఒక్క గీత పడలేదు బస్సు మీద. ఎవర్నైనా అడగండి."

"మీరు వాళ్ళ అమ్మాయా?" నన్నే.

"అవునండీ."

"ఏమైనా చెప్పాలా?"

ఆ మాట అతను మామూలుగానే అడిగాడు. చెప్పడానికి చాలా టైము ఇచ్చాడు. బయట తలుపు మూడుసార్లు కొట్టారు. నాన్న రేకు ఇంకా కుడి కంటికి పట్టుకునే నవ్వుతూ కూర్చున్నాడు, నావైపు తిరిగి కాదు, నేనున్నాననుకున్న వైపు తిరిగి.

నేను ఫారంలో ఒక గడి ఖాళీగా ఉందని, దాన్ని నింపుతున్నట్టు తల దించుకున్నాను.

ముద్ర పడిన చప్పుడు వినిపించింది. రెండేళ్ళు చెల్లుతుంది.

నవంబరు 23, శనివారం

ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. నేను కూడా.

నవంబరు 25, సోమవారం

కామా సారుకి ఒంట్లో బాగాలేదని చెప్పి వారం సెలవు పెట్టాను. ఆయమ్మ చోటు వచ్చే సోమవారం దాకా ఖాళీ. స్కూల్లో అడిగితే, ఇంటి మనిషే కదా అని ఒప్పుకున్నారు. నేను బస్సులో ఉంటే సమస్య తీరినట్టే. ఎవరికీ ఏమీ చెప్పకుండానే తీరిపోయింది. ఇది ముందే ఎందుకు తట్టలేదో!

ముప్ఫై ఒక్క మంది పిల్లలు. తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడి అరవాలి. మొదట నా గొంతు పెగల్లేదు. నాలుగో స్టాపుకి వచ్చేసరికి ఆయమ్మ పూనింది. రెండో తరగతి పాప ఒకతె ప్రశ్నలతో చంపేసింది. "అక్కా, బస్సుకి నిద్రొస్తుందా? అక్కా, నువ్వు పెద్దయ్యాక ఏమవుతావు?"

"పెద్దయ్యానే!"

"మరి ఏమయ్యావు?"

నాన్న ముందు నుంచి పడీ పడీ నవ్వాడు. "దానికి జవాబు చెప్పు పంతులమ్మా!"

నవంబరు 27, బుధవారం

సాయంత్రం ట్రిప్పు. ఆరో స్టాపు. కవలల్ని రోడ్డు దాటించడానికి నేను దిగాను. దిగుతున్నానని నాన్నకి చెప్పాను. చెప్పాననుకున్నాను. ఇంజను చప్పుడు.

వెనక్కి తిరిగేసరికి బస్సు కదులుతోంది. ప్రశ్నల పాప దిగిపోయి ఉంది, ఆ స్టాపు తనది కాదు అసలు, కింద పడిన నీళ్ళ సీసా కోసం దిగింది. ముందు చక్రానికీ రోడ్డు అంచు గట్టుకీ మధ్య వంగి ఉంది. ఎడమవైపు.

ఎలా పరిగెత్తానో తెలీదు. రెండు అరచేతులతో బస్సు రేకు మీద బాదాను. ఆగింది. చక్రం సీసా మీద ఆగింది. పాప వీపుకీ టైరుకీ మధ్య నా చెయ్యి పట్టేంత చోటుంది. పెట్టి చూశాను కనుక తెలుసు.

"అక్కా, నా సీసా చపాతీ అయిపోయింది!" అని నవ్వింది.

"ఏమైందే?" లోపల్నుంచి నాన్న.

"ఏం లేదు నాన్నా. సీసా."

ఏం లేదు నాన్నా. సీసా. ఈ మాట నేనే అన్నాను. నా నోటితోనే.

దారంతా నాన్న ఈల వేస్తూ నడిపాడు. షెడ్డులో బస్సు ఆపాక నా తల మీద చెయ్యి వేసి, "నువ్వుంటే నాకు కొండంత ధైర్యమే" అన్నాడు. అరచేతులు ఇంకా మండుతున్నాయి.

నవంబరు 28, గురువారం

చెప్పేశాను. పొద్దున్నే, టీ ఇస్తూ, ఎడమవైపు నిలబడి.

"నాన్నా, నిన్న ఆ పాప చక్రం కింద పడేది."

తిరిగాడు. మొత్తం విన్నాడు. నేను ఏడుస్తున్నాను, ఆయన ఏడవలేదు. చివరికి అన్నాడు, "చూడమ్మా, నాకు అనుమానం ఉండేది, ఒప్పుకుంటాను. కానీ మొన్న డాక్టరే చూసి బాగుందని రాశాడు కదా. ఆయనకన్నా నీకు ఎక్కువ తెలుసా?"

"ఆయన కాదు నాన్నా రాసింది. మనం రాయించాం. నేను నేర్పిన పాఠం కదా అది!"

"పాఠం నేర్పితే మాత్రం? కనపడకపోతే చదవగలనా?"

అబద్ధం ఆడటం లేదు. నిజంగా నమ్ముతున్నాడు. ముద్ర పడ్డ కాగితం చూసుకుని తన కన్ను బాగుందని నమ్మేశాడు. ఇది నేను అనుకోలేదు. అందర్నీ మోసం చేస్తున్నామనుకున్నాను, మోసపోయేది ఆయనేనని అనుకోలేదు.

అమ్మవైపు చూశాను. సూదులు.

నాయనమ్మ ఒక్కతే, గోడవైపు తిరిగి పడుకుని, "అది చెప్పేది వినరా" అంది. ఎవరూ వినలేదు.

నవంబరు 29, శుక్రవారం

ప్రిన్సిపాల్ మేడమ్ గది. బల్ల మీద అద్దం, అద్దం కింద పాత గ్రూపు ఫొటోలు. ఒకదాంట్లో నాన్న నల్ల జుట్టుతో ఉన్నాడు.

అన్నీ చెప్పాను. పట్టిక, గరిటె, దీపం, సంతకం, సీసా.

ఆవిడ ఫైలు తెప్పించి, కాగితం నావైపు తిప్పింది. "సరిగ్గా వారమైంది. రెండు కళ్ళూ బాగున్నాయని ఉంది. కింద సంతకం మీదేనా?"

"నాదే. అబద్ధం మేడమ్ అది. కావాలంటే రాసిస్తాను."

"రాసిస్తే ముందు ఇరుక్కునేది మీరే, తెలుసా?"

"తెలుసు."

రాసిచ్చాను. చదివి, సొరుగులో పెట్టి, తాళం వెయ్యలేదు కానీ మూసింది. "చూడండి, పిల్లల పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఇప్పుడీ మాట బయటికి పొక్కితే తల్లిదండ్రులు గేటు విరగ్గొడతారు. పరీక్షలయ్యాక మళ్ళీ చూపిద్దాం. సోమవారం కొత్త ఆయమ్మ వస్తోంది, ఎడమవైపు జాగ్రత్తగా ఉండమని నేనే చెబుతాను. అంతవరకూ ఈ మాట ఈ గది దాటకూడదు. మీరూ చదువుకున్నవాళ్ళే."

కళ్ళ ఆస్పత్రికి ఫోను చేశాను. రికార్డు ప్రకారం రెండు కళ్ళూ బాగున్నాయండీ అంది ఒకమ్మాయి. ఆ టెక్నీషియను కావాలన్నాను. సెలవులో ఉన్నాడంది. ఏమైనా చెప్పాలా అని అడిగింది. చెప్పాను. రాసుకుంటున్నానంది. పెన్ను చప్పుడు వినిపించలేదు.

ఎక్కడికెళ్ళినా ఆ కాగితమే ముందు నడుస్తుంది. దానికి కాళ్ళిచ్చింది నేనే.

డిసెంబరు 1, ఆదివారం

కొత్త ఆయమ్మని చూశాను. చిన్నపిల్ల, మెత్తటి గొంతు, చేతిలో ఎప్పుడూ ఫోను. ఎడమవైపు జాగ్రత్త అని చెబితే, "సరే అక్కా" అంది. ఎవరి ఎడమ అని అడగలేదు.

షెడ్డు నుంచి గేటు దాకా నలభై రెండు అడుగులు. పొద్దున ఏడుంపావుకి బస్సు ఖాళీగా బయటికి వస్తుంది, నడిచేంత వేగంతో. ఆ టైముకి ప్రిన్సిపాల్ మేడమ్ వరండాలో నిలబడి కాఫీ తాగుతుంది, మిగతా టీచర్లు కూడా ఉంటారు. పిల్లలెవరూ ఉండరు.

కాగితాన్ని ఓడించాలంటే కాగితం చాలదు.

అమ్మ ఏమైందే అలా ఉన్నావంది. ఏం లేదన్నాను.

డిసెంబరు 9, సోమవారం

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు కోళ్ళు కెలికినట్టున్నాయి. కుడి చెయ్యి రెండు చోట్ల విరిగింది, భుజం కూడా కదిలింది. ఆరు వారాలు కట్టు.

పోయిన సోమవారం పొద్దున షెడ్డు గుమ్మం దగ్గర, బయటికి వచ్చే బస్సుకి ఎడమపక్కన నిలబడ్డాను. ఎండలో, ఎర్ర చున్నీ వేసుకుని, అద్దానికి ఎదురుగా. కళ్ళున్న ఎవరికైనా కనిపించే చోటు. బస్సు వచ్చింది. నాన్న నావైపే చూస్తూ వచ్చాడు. చూస్తూనే వచ్చాడు. జరగాలని కాళ్ళు ఎంత గింజుకున్నాయో! నేనొక్క మాట అరిస్తే ఆగేవాడు. వరండాలోంచి ఎవరో అరిచారు. తర్వాత నేల.

బస్సు షెడ్డులో ఉంది. తాళాలు ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరున్నాయి. నా ఉత్తరం సొరుగులోంచి బయటికి వచ్చిందట. విచారణకి నన్ను పిలుస్తారట. ఇల్లు రెండు నెలల్లో ఖాళీ చెయ్యాలి. అమ్మ మిషను పక్కన పడేసి, నా మంచం దగ్గర కూర్చుని మాట్లాడుతూనే ఉంది, వారం నుంచి. ఇన్ని మాటలు ఎక్కడ దాచిందో!

నాన్న మాత్రం ఇవాళే వచ్చాడు గదిలోకి. మళ్ళీ పరీక్ష చేశారట, ఈసారి అక్షరాలతో కాదు, వేళ్ళు చూపించి. మంచానికి ఎడమపక్క కూర్చోబోయి, తడిమి, చుట్టూ తిరిగి వచ్చాడు, నేను ఆయన కుడివైపుకి వచ్చేలా. నా కట్టు మీద చెయ్యి వేద్దామని వెయ్యలేదు.

"కావాలనే నిలబడ్డావా?"

అబద్ధం సిద్ధంగా ఉంది. చూసుకోలేదు నాన్నా, నాదే పొరపాటు. అంటే ఆయన నమ్ముతాడు, కాగితాన్ని నమ్మినట్టే.

"అవును నాన్నా."

కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు. బయట కొత్త డ్రైవరు రేపటి కోసం బస్సు కడుగుతున్నాడు, నీళ్ళ చప్పుడు.

"వాడికి పిల్లల సంగతి ఎవరైనా చెప్పారా?"

"తెలీదు."

"అయితే రాసుకో. నేను చెబుతాను."

పెన్ను ఎడమ చేతిలో పెట్టుకున్నాను. నెమ్మదిగా చెప్పాడు, నా వేళ్ళు అందుకునేదాకా ఆగుతూ. మూడో స్టాపులో తెల్ల గేటు ఇంటి అబ్బాయికి వాంతులవుతాయి, కిటికీ పక్కనే కూర్చోబెట్టాలి. కవలలు ఎప్పుడూ ఆలస్యమే, హారను కొట్టొద్దు, వాళ్ళ తాతకి గుండె జబ్బు. ప్రశ్నల పాపకి జవాబు చెప్పాలి, చెప్పకపోతే సీట్లోంచి లేచి వచ్చేస్తుంది. ముప్ఫై ఒక్క మంది. ఒక్కరినీ మరిచిపోలేదు. రెండు కాగితాలు నిండాయి.

లేచి నిలబడ్డాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"పైన కాస్త చోటుందా?"

"ఉంది నాన్నా."

"అన్నిటికన్నా ముందు ఇది రాయి. కదిలే ముందు ఎడమవైపు చూసుకోమని."